కడ నీళ్ళు పోసిన ఆదివారం

నాగజ్యోతి ఆ గోధుమరంగు సీసాను మా ఇంటికి తెచ్చింది ఏప్రిల్ నెల రెండో శుక్రవారం. నయంకాని జబ్బులున్న వాళ్ళను ఇళ్ళకు వచ్చి చూసుకునే నర్సు ఆ పిల్ల. కర్నూలు నుంచి స్కూటీ మీద వస్తుంది. ఓర్వకల్లు దాటి, రాళ్ళ గుట్టల వెనక, తారురోడ్డు అయిపోయాక ఇంకో రెండు కిలోమీటర్లు పోతే గాని మా ఊరు రాదు. ఎండకు ముఖమంతా చున్నీ చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టుకుని వచ్చేది. వాకిట్లో చున్నీ విప్పి, చెప్పులు విడిచి, ముందు మా ఆయనతో ఒక హాస్యమాడి, ఆ తర్వాతే సంచీ తెరిచేది.

మా ఆయన పేరు నెహెమ్యా. నలభై ఏళ్ళు నాపరాళ్ళ గనిలో పనిచేశాడు. రెండేళ్ళ కిందట గుండెపోటు వచ్చింది, బతికాడు, కానీ గుండె అరిగిపోయింది. డాక్టర్లు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇంతే: వంద తోడాల్సిన గుండె ఇరవై తోడుతోంది. తోడనందువల్ల ఒంట్లో నీరు నిలుస్తుంది. ముందు పాదాల్లో, తర్వాత పొట్టలో, చివరికి ఊపిరితిత్తుల్లో. అందుకని రోజుకు లీటరు నీళ్ళే. చారూ, పాలూ, టీ అన్నీ ఆ లీటరులోనే. ఉప్పు చిటికెడు. పొద్దున లేవగానే తూకం మిషను మీద నిలబెట్టి బరువు చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీళ్ళ మాత్ర ఇంకొకటి వేసి నాగజ్యోతికి ఫోన్ చేయాలి. నాకు చదువు రాదు గాని అంకెలు వచ్చు. చర్చిలో రాత్రిబడి పెట్టినప్పుడు పాటల పుస్తకంలో నంబర్లు వెతుక్కునేందుకు నేర్చుకున్నాను.

కర్నూలు ఎండలో లీటరు నీళ్ళతో మనిషిని బతికించడమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అడిగిన మనిషికి నీళ్ళు లేవనడం మా ఇళ్ళల్లో ఎవరూ ఎరగరు. నేను ఐదు నెలలు అన్నాను. నిమ్మచెక్క నాకించాను, నోరు పుక్కిలించి ఉమ్మేయమన్నాను, గుడ్డలో ఐసు ముక్క చుట్టి పెదాలకు అద్దాను. ఒక్కోసారి చిన్నపిల్లాడిలా అలిగేవాడు. "రాళ్ళకన్నా అన్యాయమయిపోయినాను గదే. వానొస్తే అవైనా తడుస్తాయి," అనేవాడు.

డిసెంబరులో ఒకసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరి కర్నూలు ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. ముఖానికి మాస్కు బిగించి గాలి కొట్టారు. ఊపిరి ఆడక, భయంతో దాన్ని పీకేస్తున్నాడని రెండు చేతులూ మంచానికి కట్టారు. వాళ్ళను అనడానికి లేదు, వాళ్ళ పని వాళ్ళు చేశారు. నేను అద్దంలోంచి చూశాను. కట్టిన చేతుల వేళ్ళు మాత్రం కదులుతున్నాయి, నన్ను రమ్మన్నట్టు. నన్ను లోపలికి రానివ్వలేదు.

ఇంటికొచ్చాక వారానికి, వాకిట్లో మంచం మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"జీవా, ఆడ నీళ్ళలో మునిగిపోయినట్లుండె. గట్టు కనపడదు. అరుద్దామంటే నోటికి మాస్కు. పోయేది ఎట్లాగూ తప్పదు. నాకు దానికి భయంల్యా. అట్ల మునిగి పోయేదానికే భయం. ఇంగోసారి ఆడికి పంపొద్దు. ఈడనే, మంచి ఊపిరితో పోనీ."

"అట్లే," అన్నాను.

"మాటియ్యి."

ఇచ్చాను. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగి పుచ్చుకున్న మాట అదొక్కటే.

డాక్టర్లను అడిగితే అలా ఇంటి దగ్గర చూసుకునే నర్సులున్నారని చెప్పి నాగజ్యోతిని పంపారు. ఆమె శుక్రవారం తెచ్చిన సీసా గురించే ముందు చెప్పాను.

"అవ్వా, ఇది మార్ఫిన్. ఊపిరాడక కొట్టుకులాడేటప్పుడు ఆ బాధ, ఆ బెదురు తగ్గిస్తాది. ఈ సూది లేని సిరంజిలో ఈ గీత దాకానే తీయాల, నోట్లో పోయాల. నాలుగు గంటలకోసారి. గీత దాటొద్దు."

"ఇది ఆఖరి మందా పాపా?"

"కాదవ్వా. పానం తీసే మందు కాదు, పానానికి సుకమిచ్చే మందు. ఎన్ని దినాలనేది ఎవురూ సెప్పలేరు. వారాలు కావచ్చు, రెండు నెలలు కావచ్చు."

నాతో అలా చెప్పి, పోయేటప్పుడు మా కొడుకు వసంతకుమార్‌ను వాకిట్లో నిలబెట్టి ఇంకో మాట చెప్పింది. జబ్బు కడ మెట్టుకు వచ్చింది, చూడాలనుకునే వాళ్ళుంటే మీ నాయన మాట్లాడగలిగినప్పుడే వచ్చి చూసిపొమ్మను, అని. మంచి మాటే చెప్పింది. వాడు మెత్తనివాడు. సోలార్ కంపెనీలో కాపలా పని చేస్తాడు, కోడిపిల్ల చచ్చినా ఏడుస్తాడు. 'వారాలు' అన్నది వాడి చెవిలో పడలేదు, 'కడ మెట్టు' మాత్రం పడింది. ఆ సాయంత్రమే మా వంశం వాళ్ళ వాట్సప్ గ్రూపులో మాట పెట్టాడు. నూటపన్నెండు మంది ఉన్నారంట అందులో. మా కోడలు మహిమ తర్వాత నాకు వినిపించింది. ఏడుపు గొంతుతో, "మా నాయనకు ఆఖరి మందు పెట్టినారు, సూడాలనుకునేటోళ్ళు వచ్చి పోండి," అని.

మా వంశంలో ఒక ఆచారం ఉంది. అది తెలియకపోతే ఆ మాటకు ఏమైందో మీకు అర్థం కాదు.

మనిషి పోయే ముందు అయినవాళ్ళంతా వచ్చి కడ నీళ్ళు పోస్తారు. పెద్ద నుంచి చిన్న వరకు వరుసగా, మనిషికి మూడు చెంచాలు. మా ఆయన తాత బాప్తిస్మం తీసుకోకముందు ఇంటి దేవర పేర పోసేవాళ్ళంట. ఆ తర్వాత తండ్రి పేర ఒకటి, కుమారుని పేర ఒకటి, పరిశుద్ధాత్మ పేర ఒకటి అయింది. మిషను దొరలు వద్దనలేదు, పాస్టర్లూ వద్దనలేదు. నీళ్ళు పడని ప్రాణం గడప దాటదని మావాళ్ళ నమ్మకం. నా మామ కర్నూలు ఆసుపత్రిలో గదిలో ఒక్కడే పోయాడు. ఆయన పెద్దకూతురు గిడ్డమ్మ, అంటే మా ఆయన అక్క, నీళ్ళచెంబు పట్టుకుని గేటు బయట రెండు దినాలు నిలబడింది. లోపలికి వదల్లేదు. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్ళు. ఆ చెంబు నీళ్ళు మళ్ళీ ఇంటికే తెచ్చుకుంది. అది మొదలు, మా వాళ్ళల్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా, రాజంపేటలో కాపురముండే గిడ్డమ్మ బస్సెక్కి వచ్చేస్తుంది.

శనివారం పొద్దునకే జనం మొదలయ్యారు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు, బండ్ల మీద, ఆటోల్లో. చేతులూపుకుంటూ రోగి దగ్గరికి పోయేవాళ్ళు ఎవరుంటారు? కొబ్బరిబోండాలు, గ్లూకోజు, బత్తాయి రసం. "ఒక గుక్కే గదా అక్కా," అంటారు. నేను గ్లాసులు లాక్కుంటూనే ఉన్నాను, నేను టీ పెట్టడానికి లోపలికి పోతే వాళ్ళు తాగిస్తూనే ఉన్నారు. ఆయనకేం, సంబరంగానే ఉన్నాడు. ఎప్పుడో గనిలో కలిసి పనిచేసినవాళ్ళను పేరుపేరునా పిలిచి మాట్లాడాడు.

పదింటికి గుట్టల వైపు నుంచి కంప్రెసర్ చప్పుడు మొదలైంది.

మా సమాధుల తోటలో జానెడు మట్టి కింద అంతా బండే. మనిషికి గుంత తీయాలంటే డ్రిల్లు పెట్టి రెండు రోజులు కొట్టాలి. పోయిన ఎండాకాలంలో ఒకామె పోతే, గుంత తెగక, కరెంటు పోయి ఫ్రీజరు పెట్టె ఆగిపోయి శానా అవస్థ పడ్డారు. అందుకని ఈసారి సంఘపెద్దలు ముందే మొదలుపెట్టారు. నాతో ఎవరూ చెప్పలేదు. చప్పుడు వినగానే అదేమిటో నాకు తెలిసిపోయింది. తవ్విన గుంతను ఊరికే పూడ్చరు మా ఊళ్ళో. పూడిస్తే అది ఇంకెవరినో అడుగుతుందంటారు.

"ఏమే, ఆ సప్పుడు యాడిది?" అన్నాడు మా ఆయన.

"రోడ్డు పనంట."

"నలభై యేండ్లు రాళ్ళు కొట్టినోనికి రోడ్డు సప్పుడు తెలీదనుకున్నావా? అది తోట దిక్కునుంచి వస్తాండాది." కాసేపు చెవి పెట్టి విన్నాడు. "బిట్టు మొద్దుబారిండాది. తోలేవాడెవుడో వానికి పని రాదు. మార్చమని సెప్పు. లేకుంటే నేను ఇంగో వారం కాచుకోవాల."

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. సాయంత్రం కొడుకు ఫోను మోగుతుంటే ఇద్దామని తీశాను. నల్లని అద్దం మీద మా ఆయన ఫొటో. ఫ్లెక్సీ కొట్టేవాడు పంపాడు. 'ప్రభువునందు నిద్రించిన నెహెమ్యా గారు' అని మహిమ చదివి పెట్టింది. ఫొటో కింద పుట్టిన తేదీ ఉంది, పక్కన ఒక గీత ఉంది, గీత తర్వాత ఖాళీ.

ఆదివారం పొద్దున తూకం మిషను మీద కిలోన్నర ఎక్కువ చూపించింది. నీళ్ళ మాత్ర ఇంకొకటి వేసి, నాగజ్యోతికి ఫోన్ చేశాను. "ఎవురినీ ఏమీ పట్టనియ్యొద్దవ్వా, గట్టిగా సెప్పు," అంది. చెప్తానన్నాను. చెప్పేలోపల గిడ్డమ్మ దిగింది.

రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిలో ఇత్తడి చెంబు, దానికి గుడ్డ వాసెన, నడుముకు దోపుకున్న పెద్ద చెంచా. తమ్ముని పక్కన కూర్చుని, చెంపలు రెండూ పట్టుకుని, "ఏం తమ్ముడా, నాకంటే ముందు పోతాండావా? నీకు ఎప్పుడూ తొందరే. పుట్టేటప్పుడూ నెల ముందే పుడితివి," అంది. ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వి దగ్గాడు.

పదకొండున్నరకు ఆరాధన ముగిసింది. చర్చి నుంచి జనం నేరుగా మా ఇంటికే వచ్చారు. పాస్టర్ ప్రార్థన చేశాడు. ఆమేన్ అనగానే గిడ్డమ్మ చెంబు వాసెన విప్పింది.

నేను అప్పుడే అడ్డం పడాల్సింది. ఎందుకు పడలేదని నన్ను నేను ఎన్నిసార్లో అడిగాను. ఆ పిల్ల పొద్దునే హెచ్చరించింది, నేను అట్లేనన్నాను. కానీ గిడ్డమ్మ మొదటి చెంచా పోసినప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు గొంతు దిగడం బయటికే కనపడింది. ఐదు నెలలుగా నేను కాదన్న నీళ్ళవి. "ఎంత బాగుండాయక్కా," అన్నాడు. మూడు చెంచాలే గదా అనుకున్నాను. ఆమె తర్వాత ఇంకో పెద్దాయన. ఆయన తర్వాత వసంతకుమార్. తర్వాత నా చేతికే చెంచా ఇచ్చారు. నేనూ పోశాను. తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర.

వరుస వాకిలి దాటి వీధిలోకి ఉంది.

ఆ చెంచా మందు చెంచా కాదు, పాయసం వడ్డించేంత చెంచా. ఐదు నెలలు చుక్కలు లెక్కపెట్టిన దాన్ని, నా లెక్క ఆగలేదు. మూడు చెంచాలకు చిన్న టీ గ్లాసు. పది మందికి అర లీటరు. ఇరవై మందికి లీటరు. ముప్పై మంది అయ్యారు. చెంబు రెండోసారి నింపారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని, నుదుట ముద్దుపెట్టి పోశారు. అంత ప్రేమను నేను పెళ్ళిళ్ళల్లో కూడా చూడలేదు. గుట్టల మీద కంప్రెసర్ కొడుతూనే ఉంది.

రెండింటికి దగ్గు మొదలైంది. పొడిదగ్గు కాదు. మూడుకల్లా పడుకోలేక లేచి కూర్చుని మంచం పట్టె పట్టుకున్నాడు. మూతి దగ్గర తెల్లని నురగ. ఊపిరి తీస్తే రొమ్ములో గురగురమని, కుండలో ఎసరు మరిగినట్టు. నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. డిసెంబరులో అద్దంలోంచి చూశాను.

"పోతాండాడు, పోతాండాడు," అని ఆడవాళ్ళు ఏడుపు అందుకున్నారు. "నీళ్ళు పొయ్యండి, గొంతు తడపండి," అన్నారు ఎవరో. అప్పుడే కడప నుంచి మినీబస్సు వచ్చి వీధిలో ఆగింది. చిన్నమామ కొడుకులు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, పదమూడు మంది. గిడ్డమ్మ మూడో చెంబు ముంచుకుని లేచింది.

నేను వసంతకుమార్‌ను లోపలికి లాగి, అందరినీ బయటికి నెట్టి, తలుపు వేసి గడియ పెట్టాను.

మా ఊళ్ళో పగటిపూట తలుపు వేసిన ఇల్లు లేదు. చావు దగ్గరున్న ఇంటికైతే తలుపే లేనట్టు లెక్క.

"తలుపు తియ్యే జీవమ్మా," అంది గిడ్డమ్మ.

"తియ్యను వదినా."

"కడప నుంచి మన రక్తం వచ్చిండాది. గడపలో నిలబెడతావా?"

"నీడన కూర్చోమను. లోపలికి ఇంగొక చుక్క రాదు."

"మా నాయన నీళ్ళు పడకనే పోయినాడు. అదేందో నీకు తెలీదు, నాకు తెలుసు. నలభై ఎనిమిదేండ్లు మోస్తాండా. నా తమ్మున్ని గూడా అట్లనే పంపుతావా?"

"నీ తమ్ముడు నీళ్ళు లేక కాదు వదినా పోతాండేది, నీళ్ళలో మునిగి పోతాండాడు. చెవి పెట్టి ఇను. ఆ గురక ఇనపడ్లేదా?"

"అది పానం పోయే గురక. అందరికీ వస్తాది. అందుకే నీళ్ళు పొయ్యాల!"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ గురక వస్తే నీళ్ళు పోస్తారు, నీళ్ళు పోస్తే ఆ గురక పెరుగుతుంది. మా అత్త, మా చిన్నమామ, మా చిన్న ఆడబిడ్డ... గుండెజబ్బుతో, ఆయాసంతో పోయిన వాళ్ళందరి మంచాల పక్కనా నేనున్నాను. అందరికీ పోశాను. అందరికీ గురక వచ్చింది.

"మొగునికి నీళ్ళు పోయనియ్యని ఆడదాన్ని ఇప్పుడే సూస్తాండా," అంది బయటినుంచి పక్కింటి లక్ష్మక్క.

లోపల వసంతకుమార్ ఫోను బయటికి తీశాడు. "మా, నూటెనిమిదికి ఫోన్ చేస్తాండా. కర్నూలు తీసకపోదాం. ఇట్ల సూస్తా ఎట్ల ఉండాల?"

"వద్దురా."

"సచ్చిపోతాడు మా!"

మా ఆయన మాట్లాడలేడు. తల మాత్రం అటూ ఇటూ ఆడించాడు. వద్దని. చెయ్యి చాపి నా కొంగు పట్టుకున్నాడు, వేళ్ళు తెల్లబడేటట్టు.

"మీ నాయనకు చేతులు కట్టింది నువ్వు సూడలేదురా, నేను సూసినా," అన్నాను. "మాటిచ్చినా నేను. ఆ ఫోన్లో నాగజ్యోతికి చెయ్యి."

వాడు చేశాడు. స్పీకరు పెట్టాడు. ఆ పిల్ల గొంతు కంగారు లేకుండా వచ్చింది. కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదీయండి. వెనక కిటికీ తెరవండి. వసంతన్నా, నువ్వు వీపుకు ఆనుకో. ముఖం మీదికి గాలి తగిలేటట్టు విసరండి. అవ్వా, సీసాలో మందు ఆ గీత దాకా తీసి ఇప్పుడే చెంప లోపలికి మెల్లిగా వదులు. నేను బండి తీస్తాండా.

సిరంజి చేతిలోకి తీసుకున్నాను. బయట నలభై మంది. ఈ మందు నోట్లో పడ్డాక ఊపిరి ఆగితే, జీవమ్మ తలుపేసుకుని మొగున్ని చంపింది అంటారు. అననీ అనుకున్నాను. వెయ్యకపోతే ఎవరూ ఏమీ అనరు. ఆయన మునిగిపోతాడు, అంతే. గీత దాకా తీసి, రెండుసార్లు చూసి, మూడోసారి వెలుతురుకు పెట్టి చూసి, వదిలాను.

విసనకర్ర తీసుకుని ముఖానికి విసిరాను. కొడుకు వీపుకు ఆనుకుని వెక్కుతున్నాడు. ఆయన వెన్ను ఎగిరిపడినప్పుడల్లా వాడూ ఎగిరిపడుతున్నాడు. బయట పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టాడు, జనం దానికి ఆమేన్ అంటున్నారు, మధ్యమధ్యలో గిడ్డమ్మ అరచేత్తో తలుపు కొడుతోంది. ఎంతసేపో తెలియదు. గురక తగ్గలేదు గాని ఆయన కళ్ళల్లో బెదురు మాత్రం కొంచెం దిగింది. కొంగు పట్టుకున్న పట్టు సడలింది. అది చావేమోనని నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

నాగజ్యోతి జనాన్ని తోసుకుని వచ్చేసరికి ఎండ గోడ దిగుతోంది. వెనక కిటికీ దగ్గరికి వచ్చి పేరు చెప్తే గాని నేను తలుపు తీయలేదు. తొడ మీద చర్మం కింద సూది వేసింది. ఒంట్లో నీరు తీసే మందంట. నా వైపు తిరిగి మెల్లిగా, "పనిచేస్తే గంటలో ఒంటేలు వస్తాది. చేయకపోతే ఈ పొద్దే అవ్వా. అదైనా కష్టం లేకుండా చూసుకుందాం," అంది.

గంట దాటింది. గంటన్నరకు వచ్చింది. ఒంటేలు పట్టే సీసా నిండింది, ఇంకోటి నిండింది. నేను పుట్టి బుద్ధెరిగాక ఒంటేలుకు స్తోత్రం చెప్పింది ఆ పొద్దే. గురగుర మెల్లిగా దిగి, గరగర అయి, చీకటి పడేసరికి ఊపిరి ఊపిరిలాగా వినపడింది. దిండ్లకు ఆనుకుని నిద్రపోయాడు.

నాగజ్యోతి అప్పుడు బయటికి వెళ్ళి అందరికీ చెప్పింది. తాతకు నీళ్ళు విషం లాంటివని, ఇంక తడిగుడ్డతో పెదాలు తుడవడమే తప్ప ఏమీ పట్టకూడదని. కొందరు తలలూపారు. కడపవాళ్ళు కిటికీలోంచి చూసి, కన్నీళ్ళు తుడుచుకుని బస్సెక్కారు. నేను తలుపు బార్లా తెరిచాను. గిడ్డమ్మ మాత్రం లోపలికి రాలేదు, ఊరికీ పోలేదు. మా గడప బయట, మాకు వీపు పెట్టి కూర్చుంది.

"మా వల్లనా పాపా?" అని అడిగాను నాగజ్యోతిని, ఆమె బండి ఎక్కబోతుంటే.

"ఆయన గుండె ఎప్పుడో అయిపోయిందవ్వా. ఎవురి మీదా వేసుకోవద్దు," అంది. అని నా ముఖం వైపు చూడకుండా చున్నీ కట్టుకుంది.

సోమవారం మా ఆయన తెలివిగా ఉన్నాడు. మాట సన్నగా వచ్చేది. అక్క గడపలో ఉందని చెప్పాను.

"అక్కా, లోపలికి రా," అన్నాడు.

"రాను. చెంబుతోనైతేనే వస్తా."

"చెంబు ఆడ పెట్టి రా."

"చెంబు లేకుండా వచ్చి నేనేం చెయ్యాల?"

"ఊరికే కూర్చో. తిట్టు. నన్ను తిట్టి శానా దినాలాయ కదా."

ఆమె వీపు కదిలింది. "ముసిలోనివైనా బుద్ధి రాలేదు నీకు," అంది. లేవలేదు.

మంగళవారం ఒంటేలు ఆగిపోయింది. కిడ్నీలు అలిసిపోయాయని నాగజ్యోతి చెప్పింది. ఇంక ఈ దినమో రేపో. నిద్రలోకి జారుతున్నాడు, లేచినప్పుడు నన్ను వెతుకుతున్నాడు, మళ్ళీ జారుతున్నాడు. మందు గీత దాటకుండా నాలుగు గంటలకోసారి వేస్తూనే ఉన్నాను. వీధిలో నేను కనపడితే ఆడవాళ్ళు మాట ఆపేస్తున్నారు. బోరింగు దగ్గర మహిమకు బిందె పెట్టుకునే చోటు ఇవ్వలేదంట.

బుధవారం పొద్దున పదకొండు అయి ఉంటుంది. నేను ఆయన పక్కనే కూర్చుని మెడ కింద చెమట తుడుస్తున్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. ఒకటి తీసుకున్నాడు. నేను రెండోదానికోసం కాచుకున్నాను. ఎదురు వీధిలో ఎవరో అలసందలు చెరుగుతున్న చప్పుడు వినపడుతోంది. చెరగడం అయిపోయి చాట కింద పెట్టారు. నేను ఇంకా కాచుకునే ఉన్నాను.

ఏడుపు రాలేదు నాకు. లేచి గడప దగ్గరికి వెళ్ళాను.

"వదినా, పోయినాడు."

గిడ్డమ్మ వెనక్కి తిరిగింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే."

"నేను ఈడనే ఉండా గదే! గురక యాడ? కొట్టుకులాడిన సప్పుడు యాడ?"

"రాలేదు వదినా."

నన్ను నమ్మలేదు. గడప పట్టుకుని లేచి, ఆదివారం తర్వాత మొదటిసారి లోపలికి వచ్చింది. రొమ్ము మీద చెవి ఆనించి చాలాసేపు విన్నది. తర్వాత వెతకడం మొదలుపెట్టింది. ఎంతమంది చావులు చూసిన మనిషో, ఎక్కడెక్కడ చూడాలో ఆమెకు తెలుసు. మూతి వంకర పోయిందేమోనని చూసింది. పిడికిళ్ళు చూసింది, తెరుచుకునే ఉన్నాయి. దుప్పటి చూసింది. ఎక్కడా గీరుకున్న గుర్తు లేదు, నేను పొద్దున పరిచింది పరిచినట్టే ఉంది. దుప్పటి అంచు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పటికి వసంతకుమార్ అరుపు విని వీధి వీధంతా వచ్చేసింది. ఏడుపులు, పాస్టర్, కుర్చీలు, షామియానా తాళ్ళు. లక్ష్మక్క నా మెడ మీద పడి అందరికన్నా గట్టిగా ఏడ్చింది. ఆ గోలలో ఎవరో నా రెక్క పట్టి లాగారు. గిడ్డమ్మ. మూలలో, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను వంగాను. నన్ను తిడుతుందనే అనుకున్నాను.

"ఆ నర్సమ్మ నా కోసం రాజంపేట దాకా వస్తాదేమే?" అంది నా చెవిలో.

"తెలీదు వదినా. అడుగుతా."

"అడుగు," అంది. నా రెక్క వదల్లేదు. "ఈ వారంలోనే అడుగు."